షవర్ టెస్ట్

రైలు పెట్టెల మీద వాన కురిపించడం నా ఉద్యోగం.
పెరంబూరు కార్ఖానాలో, ఆఖరి షెడ్డులో,
కొత్త పెట్టె నెత్తిన పైపులు తెరిపించి
లోపల టార్చిలైటుతో ఒక్కదాన్నే తిరుగుతాను.
కిటికీ రబ్బరు మూల, బల్బు వెనక, స్క్రూ మెడ కింద
ఒక్క చుక్క మెరిసినా
సుద్దముక్కతో సున్నా చుట్టి వెనక్కి పంపుతాను.
పద్దెనిమిదేళ్ళుగా.
అందుకే నీళ్ళు దూరవని ఎవరన్నా
నాకు ముందు నవ్వొస్తుంది.

రిచీ స్ట్రీట్‌లో నజీరుద్దీన్ కొట్టు
రెండు జతల మోకాళ్ళు పట్టేంత వెడల్పు.
ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకే పూట అన్నాను.
నెరిసిన నా పాపిటను ఒకసారి,
అద్దాల అరను ఒకసారి చూసి
"అబ్బాయికా మేడమ్?" అన్నాడు.
"మణికట్టు నాదే" అని చెయ్యి చాపాను.

మొదటిది అద్దమంతా వేలికి పలుకుతుందట.
గ్లాసుడు నీళ్ళడిగాను.
తాగుతాననుకుని చల్లవి తెప్పించాడు.
వేళ్ళు ముంచి తాకితే
మధ్యాహ్నం మూడింటి గుమాస్తాలా
ఎటో చూస్తూ కూర్చుంది.

రెండోది యాభై మీటర్ల లోతుకి నిలుస్తుందట.
అది కదలని నీటి లెక్క.
చెయ్యి విసిరి కొడితే నీళ్ళు ఊరుకుంటాయా?
నిలువు వానకి లొంగని కిటికీ
ఏటవాలు జల్లుకి లొంగిపోవడం చూసినదాన్ని.

మూడోదాని ధర నోటితో చెప్పలేదు,
కాలిక్యులేటర్ మీద కొట్టి నా వైపు తిప్పాడు.
నేను దాన్ని ఇంటద్దెతో భాగించి
మళ్ళీ అతని వైపు తిప్పాను.

కిందటి నెల కోవళంలో
హేమనళిని వాచీ అరువు తీసుకుని ఈదాను.
ఒడ్డుకొచ్చి పటం చూస్తే
నా దారి చేపల పాకలోంచి, ఎవరిదో డాబా మీంచి
ఈసీఆర్ ఎక్కి, మళ్ళీ సముద్రంలో దూకింది.
నవ్వలేక ఉప్పునీళ్ళు కక్కాం.
తర్వాత తెలిసింది.
చెయ్యి మునిగినంతసేపూ దానికి ఆకాశం లేదు.
పైకి తేలిన ఆ అరక్షణంలోనే
ఎక్కడున్నానో అడిగి తెలుసుకోవాలి.
నేనూ అంతే కదా,
మొహం పక్కకి తిప్పిన ఆ అరక్షణంలోనే
ఓ గుక్కెడు గాలి.
మిగతాదంతా గుడ్డినమ్మకం.

పడవ మీద మాకు కాపలా ఉండే ఏళుమలైకి వాచీ లేదు.
చర్చి శిలువ వెళ్ళి ఫోన్ టవరు వెనక
దాక్కునే దాకా పో, అక్కడ తిరుగు, అంటాడు తమిళంలో,
రెండు చూపుడువేళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి.

ఇదంతా విన్న నజీరుద్దీన్
సొరుగు అడుగు నుంచి ఒకటి తీశాడు.
ఎవరో నాలుగు నెలలు వాడి ఇచ్చేసిందట.
అద్దం మీద గీత.
అంచు చుట్టూ అయిదు మీటలు,
తడివేలికీ టక్కుమన్నాయి.
"గీత పైదే, లోపలికి పోలేదు."
గోటితో గీరి చూశాను, నిజమే.
అయినా అతను భోంచేసి
చెయ్యి కడుక్కొచ్చే దాకా
గ్లాసులో నానబెట్టే ఉంచాను.

ఇంటికొచ్చాక అది నన్ను ప్రశ్నలు వేసింది.
వయసు. ఎత్తు. బరువు.
బరువు దగ్గర రెండు కిలోలు తగ్గించాను,
సముద్రం ఎలాగూ తూచుకుంటుంది.

ఆదివారం పదిహేనువందల నలభై చూపించింది.
గీత ఇంకా వంకరే, కానీ రోడ్డెక్కలేదు.
"ఎప్పుడూ పోయేంతే పోయావు" అన్నాడు ఏళుమలై
వల చిక్కు విప్పుకుంటూ.

రాత్రి టార్చి వేసి
అద్దం కింద ఆవిరి కోసం,
మీటల మెడల దగ్గర చెమ్మ కోసం వెతికాను.
సుద్ద చుట్టడానికి చోటు దొరకలేదు.
అలలు విరిగే గీత దాటగానే
నా పక్కటెముకల కింద ఏదో బిగుసుకుంటుందే,
అక్కడ చుట్టుకున్నాను,
తనిఖీ పుస్తకంలో రాసినట్టే రాసుకున్నాను:
మళ్ళీ పరీక్ష, వచ్చే ఆదివారం.